కొత్త బోటు ఇంజను చేతికిచ్చే రోజే చార్జింగ్ కొలిచి చూపించమనండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా బోటుకు కొత్త అవుట్‌బోర్డ్ ఇంజను (బోటు వెనక బయట తగిలించేది) బిగించి రెండు వారాలు కూడా కాలేదు. ఒక రాత్రి వల లాగడం అయిపోయాక తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. మళ్లీ తిప్పితే జీపీఎస్ తెర ఒకసారి మెరిసి ఆరిపోయింది. ఇంజనుతో వచ్చిన తాడు పైనున్న బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు చుట్టి ఇద్దరం చేతులు పడిపోయేదాకా లాగాం. ఫ్యూయల్ పంపు తిరగడానికి కూడా బ్యాటరీలో సత్తువ లేదు. తెల్లవారాక వేరే బోటు వాళ్లు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. మా తమ్ముడు ఆ రాత్రంతా నోరు విప్పలేదు.

అమ్మినవాళ్ల దగ్గరికి వెళితే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది కొన్నాం. వారం తిరగకుండా అదీ అంతే. ఈసారి మెకానిక్ వచ్చి పైపైన చూసి, మీరే లైట్లు ఎక్కువ వాడుతున్నారని చెప్పి వెళ్లిపోయాడు. వారంటీ ఉన్న ఇంజను, రెండో బ్యాటరీ, అయినా తప్పు మాదే అన్నారు. ఆ మాట పట్టుకుని నేను కూర్చుని నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాను. ఇది నా ఒక్కడి గొడవ కాదు కాబట్టే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను.

ఈ ఇంజన్లలో కరెంటు పుట్టే తీరు పెద్ద రహస్యమేమీ కాదు. పైన తిరిగే ఫ్లైవీల్ లోపలి అంచున అయస్కాంతాలు ఉంటాయి. దాని కింద స్టేటర్ అనే తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. చక్రం తిరిగితే ఆ చుట్టల్లో ఏసీ కరెంటు పుడుతుంది. రెక్టిఫయర్ రెగ్యులేటర్ దాన్ని డీసీగా మార్చి, వోల్టేజి హద్దు మీరకుండా చూసి బ్యాటరీకి పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా, ఎక్కడ వదులైనా పైకి కనిపించేది ఒకటే: బ్యాటరీ దిగిపోవడం. అందుకే అందరూ బ్యాటరీనే తిడతారు.

చేతిలో వోల్టేజి కొలిచే ఒక మల్టీమీటర్ ఉంటే చాలు. రాత్రంతా కదపకుండా ఉంచిన మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగమే ఉందని అర్థం. ఇంజను స్టార్ట్ చేసి వేగం 2000 ఆర్‌పీఎం (నిమిషానికి 2000 చుట్లు) దాకా పెంచితే అదే బ్యాటరీ మీద రీడింగు 13.8 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే చార్జింగ్ అందడం లేదు. 15 దాటిందంటే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. ఐదు నిమిషాల పని ఇది. మాకు ఇంజను అప్పగించిన రోజు ఈ ఐదు నిమిషాలు ఎవరూ పెట్టలేదు.

మా బోటులో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 12.4 దగ్గరే ఆగిపోయింది. స్టేటరే పోయిందనుకుని గుండె జారింది. తర్వాత మీటరు కొనలు ఇంజను వైపు, రెక్టిఫయర్ నుంచి చార్జింగ్ వైరు బయటికి వచ్చేచోట పెట్టాను. అక్కడ 14.3! అంటే ఇంజను తన పని తాను చేస్తోంది, దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఆ వైరును వేళ్లతో తడుముకుంటూ వచ్చాను. ఫ్యూజు పెట్టె దగ్గర టెర్మినల్, అంటే వైరు కొనకు నొక్కి బిగించే లోహపు ముక్క, వేడిగా తగిలింది. పైనున్న నల్ల తొడుగు కోసి చూస్తే, రాగి పోగులను నొక్కాల్సిన టెర్మినల్ వైరు ప్లాస్టిక్ మీద నొక్కి ఉంది. నాలుగైదు పోగులే లోహానికి తగులుతున్నాయి, వాటికీ అప్పుడే పచ్చగా చిలుం పట్టింది. దాన్ని కత్తిరించి, తగరం పూత ఉన్న వైరుతో కొత్త టెర్మినల్ వేశాను. బ్యాటరీ మీద 14.2 వచ్చింది. స్టార్టర్‌కు వెళ్లే లావు కేబుల్ వేరుగా ఉండటంతో, బ్యాటరీ మార్చినప్పుడల్లా ఇంజను నాలుగు రోజులు బాగానే స్టార్ట్ అయి మమ్మల్ని మోసం చేసింది.

ఆ తర్వాత తోటి బోట్ల వాళ్లు మీటరు పట్టుకుని రమ్మని పిలవడం మొదలుపెట్టారు. ఒకరి బోటులో బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్లు వాడారు, ఇంజను అదురుకు అవి వదులయ్యాయి. ఇంకొకరికి ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారుగా బిగించడంతో మెయిన్ ఫ్యూజు పోయింది. నడుస్తున్న ఇంజను నుంచి బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి రెక్టిఫయర్ కాలిపోతుందని ఇంకొకరికి ఎవరూ చెప్పనే లేదు. చాలా మోడళ్లలో ఆర్‌పీఎం మీటరుకు సిగ్నల్ ఈ చార్జింగ్ దారి నుంచే వస్తుంది. అలాంటి ఇంజను బాగానే నడుస్తున్నా ముల్లు పడిపోయి గెంతుతుంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

లైట్లు ఎక్కువ వాడటం అసలు కారణమే కాదని నేను అనను. నెమ్మదిగా నడిచే ఇంజను తన పూర్తి కరెంటు ఇవ్వదు. బోట్ల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 25 వాట్లతో మాట్లాడితే ఆ కాసేపు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. లైట్లు, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్, పంపు కలిపితే ఆదాయం కన్నా ఖర్చు ఎక్కువవుతుంది. కానీ ఆ మాట కొలిచి చెప్పాలి, గాల్లో చెప్పకూడదు.

పాత ఇంజన్లతో ఈ టెన్షన్ ఇంత ఉండేది కాదు. వాటి ఇగ్నిషన్‌కు, అంటే ఇంధనాన్ని మండించే నిప్పురవ్వకు, కావాల్సిన కరెంటు ఫ్లైవీల్ నుంచే వచ్చేది కాబట్టి బ్యాటరీ చచ్చినా తాడు లాగితే ఒడ్డుకు చేరేవాళ్లం. ఇప్పుడు వచ్చే, కంప్యూటర్ కొలిచి ఇంధనం చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీ లేనిదే ఆ కంప్యూటర్ మేలుకోదు. చార్జింగ్ ఆగితే ఇంజను ఒక్కటే కాదు, దారి చూపే జీపీఎస్, సాయం పిలిచే రేడియో కూడా పోతాయి. గాలి లేచిన రాత్రి అలా జరిగితే ఏమవుతుందో మీకు నేను వేరే చెప్పాలా?

అందుకే అడుగుతున్నాను. ఏ అవుట్‌బోర్డ్ ఇంజను అప్పగించినా నాలుగు రీడింగులు రాసి సంతకం చేసిన కాగితం ఇవ్వాలని నిబంధన పెట్టండి: ఇంజను ఆగి ఉన్నప్పుడు, మెల్లగా నడిచేటప్పుడు, 2000 ఆర్‌పీఎం వద్ద, లైట్లూ రేడియో అన్నీ వేసినప్పుడు. మీ శాఖ పథకాల కింద ఇచ్చే ఇంజన్లు ఉంటే వాటితోనే మొదలుపెట్టండి. వారంటీ ఫిర్యాదు వచ్చినప్పుడు ఇంజను వైపు, బ్యాటరీ వైపు రెండు చోట్లా కొలవకుండా బ్యాటరీ మార్చమని చెప్పడం ఆపించండి. వైరింగ్ బొమ్మ మాకు చదవడానికి వచ్చే భాషలో ఇప్పించండి. ఈ కొలతలు తీయడం మా పిల్లలకు ఒక్క పూటలో నేర్పవచ్చు. నేర్పడానికి నేను ఎక్కడికైనా వస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

కోసి తీసిన ఆ టెర్మినల్ ముక్క, ఆ రోజు రాసుకున్న రీడింగులు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. మీ సాంకేతిక అధికారులు ఎప్పుడు రమ్మన్నా పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక బోటు యజమాని