మా పాప మూలుగ నివేదికను మళ్లీ చదివినవారికి కృతజ్ఞతలు

మా అక్క కూతురికి ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తిరగబెట్టిందేమోనన్న అనుమానంతో మా ఇల్లంతా తొమ్మిది రోజులు తల్లడిల్లింది. ఆ అనుమానాన్ని ఓపికగా, ఆధారాలతో తీర్చినవారికి మేనమామగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారు కోరారు కనుక, చేసిన పనిని బట్టే వారిని గుర్తుచేసుకుంటాను.

పాపకు మూడేళ్ల కిందట బి కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అని తేలింది. చికిత్స పూర్తయిన నాలుగు నెలలకు, ఒక జ్వరం తరువాత ప్లేట్‌లెట్లు తగ్గడంతో వైద్యులు ఎముక మూలుగ పరీక్ష చేయించారు. అపరిపక్వ బి కణాలు 4 శాతం ఉన్నాయనీ, వాటి మీద సీడీ 10, సీడీ 19 అనే ప్రోటీన్లు కనిపించాయనీ, వ్యాధి తిరగబెట్టిందేమో పరిశీలించాలనీ ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో కణం మీది ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) నివేదికలో రాశారు. మూడేళ్ల నాటి నివేదికలోనూ ఇవే పేర్లున్నాయి. అక్క రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో రెండు గంటలు కేటాయించిన ఇమ్యునాలజీ పరిశోధక విద్యార్థినికి మొదటి కృతజ్ఞతలు. తెల్ల రక్తకణాల కణత్వచం మీది ప్రోటీన్లను యాంటీబాడీలతో (తమకు సరిపడే ప్రోటీన్‌కే అంటుకునే అణువులతో) గుర్తుపడతారనీ, 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టాక ప్రతి ప్రయోగశాలా తన యాంటీబాడీకి తనకు తోచిన పేరు పెట్టుకోవడంతో ఒకే ప్రోటీన్‌కు అనేక పేర్లు వచ్చాయనీ, 1982లో పారిస్‌లో జరిగిన సమావేశంతో వాటిని సీడీ సంఖ్యల కింద చేర్చడం మొదలైందనీ ఆమె వివరించారు. మాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చింది సీడీ 10 కథ. ఈ రకం ల్యుకేమియా కణాల మీద కనిపించింది కనుక మొదట్లో దానికి ఆ వ్యాధి పేరే పెట్టారు. తరువాత అదే ప్రోటీన్ ఆరోగ్యవంతుల మూలుగలో పెరుగుతున్న లేత బి కణాల మీదా, చివరికి మూత్రపిండాల కణాల మీదా కనిపించింది. అంటే సీడీ 10 ఉన్నంత మాత్రాన ఆ కణం క్యాన్సర్ కణం కాదు. ఆమె మాకు ధైర్యం చెప్పడంతో ఆగలేదు. ముడి డేటాను రక్తవ్యాధుల పాథాలజీ నిపుణులకు చూపించమని, ఏమేమి అడగాలో కూడా రాసి పంపారు.

నివేదిక ఇచ్చిన ప్రయోగశాలవారు అడిగిన రోజే ఆ డేటా ఫైళ్లను ఇచ్చారు. వారు పొరపాటు చేశారని నేను అనుకోను. పరిశీలించాలని రాయడమే వారి బాధ్యత. వారికి పాత నివేదిక అందలేదు, అంతే.

ఇక ఆ ఫైళ్లను చదివిన డాక్టరుగారి గురించి ఎంత రాసినా తక్కువే. కీమోథెరపీ ఆగాక పిల్లల మూలుగ కోలుకుంటున్నప్పుడు హెమటోగోన్లు అనే లేత బి కణాలు గుంపులుగా పుట్టుకొస్తాయట. మొలక దశలో వరినీ ఊదనూ వేరుచేయడం ఎంత కష్టమో, వీటినీ ల్యుకేమియా కణాలనూ వేరుచేయడం అంత కష్టం. డాక్టరుగారు మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఒక్కో కణాన్ని ఒక్కో చుక్కగా చూపే పటాన్ని చూపించారు. హెమటోగోన్లు ఎదిగే కొద్దీ సీడీ 34 పోతుంది, సీడీ 10 తగ్గుతుంది, సీడీ 20, సీడీ 45 పెరుగుతాయి. అందువల్ల చుక్కలు ఒక దశ నుంచి మరో దశకు తెగకుండా సాగే వంపులా కనిపిస్తాయి. ల్యుకేమియా కణాలు అలా ఎదగవు, ఒక దశలో ఆగిపోయి ఒకేచోట గుమిగూడతాయి. పాప పటంలో ఉన్నది ఆ వంపే. అంతటితో ఆయన తృప్తిపడలేదు. మూడేళ్ల నాటి ల్యుకేమియా కణాల మీద సీడీ 38 మసకగా (తక్కువగా), సీడీ 58 ప్రకాశవంతంగా (ఎక్కువగా) ఉండేవి. ఇప్పటి కణాల మీద సరిగ్గా దానికి తారుమారుగా ఉన్నాయని పాత పటాన్ని పక్కన పెట్టి చూపించారు.

అయినా, ల్యుకేమియా కణాలు తమ గుర్తులను మార్చుకోవడం కూడా ఉంటుంది కనుక, ఒకటి రెండు ప్రోటీన్లను నమ్మి తీర్పు చెప్పకూడదని, మళ్లీ మూలుగ తీయించి, ఒక్కో కణం మీద ఎనిమిది ప్రోటీన్లను ఒకేసారి చూసే ఎనిమిది రంగుల పరీక్ష చేయించారు. లక్షల కణాలను లెక్కించారు. పదివేల కణాల్లో ఒక్క వ్యాధి కణం ఉన్నా పట్టుకోగల ఆ పరీక్షలో ఏమీ కనబడలేదు. ఇలాంటి నివేదిక వచ్చిన ఇతర కుటుంబాలవారు మా పాప ఫలితాన్ని తమకు అన్వయించుకోకుండా, పాత నివేదికతో పోల్చి చూడమని తమ వైద్యులను తప్పక అడగాలని నా మనవి.

ఆ రెండో పరీక్ష నాడు నమూనా తీసుకోవడానికి వచ్చిన టెక్నీషియన్‌గారిని కూడా మరవలేను. సూది వేశాక మొదట లాగిన మూలుగే ఫ్లో సైటోమెట్రీకి పంపాలనీ, తరువాత లాగిన దానిలో రక్తం కలిసి కణాలు పలచబడతాయనీ, అప్పుడు వ్యాధి లేదన్న మాటకు బలం ఉండదనీ అక్కడివారికి గుర్తుచేసి, ఆ గొట్టాన్ని స్వయంగా తీసుకువెళ్లారు. వ్యాధి లేదన్న మాటను ఈ రోజు మేము నమ్మగలుగుతున్నామంటే అందులో ఆయన జాగ్రత్తకు పెద్ద వాటా ఉంది.

ఆరు వారాల్లో ప్లేట్‌లెట్లు సాధారణ స్థాయికి వచ్చాయి. పాప మళ్లీ బడికి వెళుతోంది. అక్క, బావగారు, నేను మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాము.