‘మూలాలు’ మొదటి పేజీలో, సవరణ ఎక్కడ?

సంపాదకుడి గారికి,

సిడ్నీలోని బోండి బీచ్‌లో 2025 డిసెంబరు 14న యూదుల హనుక్కా వేడుకపై తండ్రీకొడుకులు కాల్పులు జరిపి 15 మందిని పొట్టన పెట్టుకున్నారు. తండ్రిది హైదరాబాద్ అని తెలియగానే ‘హైదరాబాద్ మూలాలు’ పతాక శీర్షికలకెక్కాయి. వార్తే, కాదనను. కానీ అతడు 1998లోనే ఊరు విడిచాడనీ, తీవ్రవాదం వైపు మళ్లడానికి ఇక్కడి ప్రభావమేదీ కనిపించడం లేదనీ తెలంగాణ పోలీసులు చెప్పిన మాట అంత పెద్ద అక్షరాల్లో నాకు కనబడలేదు. ఆ రోజు ఒక ముష్కరుడి మీద పడి తుపాకీ లాక్కుని, తూటా దెబ్బలు తిన్న అహ్మద్ అల్ అహ్మద్ కూడా వలస వచ్చిన ముస్లిమే. సిరియాలో పుట్టి, సిడ్నీలో దుకాణం నడుపుకునేవాడు. అతడి గురించీ రాశారు, సంతోషం. అయితే అతడి మంచి అతడి ఖాతాలోకే పోయింది. వాళ్ల పాపాన్ని మాత్రం ఊరందరికీ పంచారు.

మా పక్కింటి అబ్బాయి సిడ్నీలో నర్సు. ఏ ఊరని ఎవరైనా అడిగితే ఇంతకు ముందు హైదరాబాద్ అని చెప్పి, అడగకపోయినా చార్మినార్ దాకా తీసుకెళ్లేవాడు. ఇప్పుడు ‘ఇండియా’ అని ఊరుకుంటున్నాడట. బస్సులో ఉర్దూలో ఫోను మాట్లాడవద్దని వాళ్లమ్మ రోజూ చెబుతోంది. అక్కడివాళ్లలో కలిసిపోవాలని అందరూ సలహా ఇచ్చేవారే. సొంత ఊరి పేరే నోట రానివాడు ఎవరితో కలుస్తాడు?

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. 2007లో బ్రిటన్‌లోని గ్లాస్గో విమానాశ్రయంపై దాడి జరిగాక, ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న బెంగళూరు వైద్యుడు మహమ్మద్ హనీఫ్‌ను బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. కొత్తగా పుట్టిన కూతురిని చూడటానికి బయలుదేరాడాయన. బ్రిటన్ విడిచి వచ్చేటప్పుడు తన సిమ్‌కార్డును ఒక బంధువుకు ఇచ్చి రావడమే నేరమైంది. మనలో ఎందరం ఇవ్వలేదు! ఆ సిమ్ దాడి చేసిన జీపులో దొరికిందని కోర్టుకు చెప్పారు. నిజానికి అది దొరికింది లివర్‌పూల్‌లో, ఆ బంధువు దగ్గర. అభియోగమైనా మోపకుండా 12 రోజులు నిర్బంధించారు, ఆ తర్వాత కేసు పెట్టి వీసా రద్దు చేశారు. చివరికి ప్రాసిక్యూషనే కేసు వెనక్కి తీసుకుంది. ప్రభుత్వం పరిహారమూ చెల్లించింది, మూడేళ్ల తర్వాత.

మీకు నా మనవి ఒక్కటే. దాడి చేసినవాడి ఊరిని మొదటి పేజీలో వేస్తే, ఆ ఊరికి సంబంధం లేదన్న మాటనూ మొదటి పేజీలోనే వేయండి. పక్కింటావిడకు తెలుగు చదవడం రాదు. నేను చదివి వినిపిస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మెహదీపట్నం, హైదరాబాద్