ముందు చెక్క కొనకు, ఆగు

శీనూ,

నీ ఉత్తరం అందింది. తాతగారి బ్రౌనింగ్ ఆటో-5 తుపాకీకి బారెల్ కింద చేత్తో పట్టుకునే ముందు చెక్క మళ్ళీ చీలిందని, ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో చెప్పమని రాశావు. అదే చెక్క రెండోసారి పగిలిందంటే తప్పు చెక్కది కాదురా. కొత్తది వేసినా దానికీ అదే గతి.

తుపాకీ ఖాళీయో కాదో రెండుసార్లు చూసుకో. బారెల్‌ని కాస్త వెనక్కి నొక్కిపెట్టి ముందున్న మూత మర విప్పు, లేకపోతే లోపలి స్ప్రింగు ఒక్కసారిగా తోసుకొస్తుంది. చెక్క తీశాక బారెల్ కింద తూటాలుండే గొట్టం మీద పెద్ద స్ప్రింగు, చీలిక ఉన్న కంచు ముక్క, ఒక ఉక్కు రింగు కనిపిస్తాయి. రింగుని వేలితో తడిమి చూడు, ఒక అంచు లోపలికి వాలుగా ఉంటుంది. అసలు కథంతా అక్కడే ఉంది. ఈ తుపాకీ పేలినప్పుడు బారెల్ మొత్తం వెనక్కి జారుతుంది, దానికి బ్రేకు ఆ కంచు ముక్కే. గట్టి తూటాలు వాడేటప్పుడు రింగు స్ప్రింగుకి ముందుండాలి, వాలు అంచు కంచు వైపు తిరిగి ఉండాలి. అప్పుడే అది కంచుని బిగించి పడుతుంది. తేలిక తూటాలకైతే రింగుని స్ప్రింగు వెనక్కి మార్చేస్తారు. నీది 12 బోరు, వాడేది గట్టి తూటాలు. ఎవరో తుడిచి బిగించినప్పుడు రింగు వెనకే ఉండిపోయిందని నా అనుమానం. ఆ దెబ్బంతా చెక్కే తింటోంది. గొట్టానికి నూనె ఎక్కువైనా బ్రేకు పట్టు తప్పుతుంది, నూనె గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

నేనూ ఒకసారి ఇలాగే, చెక్కని జిగురుతో అతికించి మురిసిపోయాను. నాలుగు తూటాలకే మళ్ళీ విచ్చుకుంది. ఆ బాధ నాకింకా గుర్తుంది.

మీ బాబాయిగారి జంట బారెల్ సంగతి వేరు. పాతకాలం జంట బారెళ్ళలో ప్రతి ముక్కనీ ఆ తుపాకీకే ఆకురాయితో అరగదీసి కూర్చేవారు. అదే కంపెనీ, అదే మోడల్ నుంచి తెచ్చిన స్ప్రింగయినా నేరుగా కూర్చోదు. తూటాని గుద్ది పేల్చే ఫైరింగ్ పిన్ను విరిగితే, దానికోసం ఊళ్ళు తిరిగే బదులు, పాత ముక్కలు రెండూ తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఇచ్చి కొత్తది చేయించడం మేలు. ముక్కలు మార్చడంలో సైన్యం రైఫిళ్ళు కొంత నయం. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్లో తూటాని వెనకనుంచి ఆనుకునే బోల్టు తలలు 0 నుంచి 3 దాకా అంకెలతో, కొద్దికొద్దిగా పొడవు పెరుగుతూ ఉంటాయి. అయినా గేజి పెట్టి కొలవకుండా పేల్చకూడదు.

అన్నట్టు, ఆ జంట బారెల్ చాంబర్, అదే తూటా కూర్చునే చోటు, పొడవు కొలిపించారా? పాతవాటిలో 65 మిల్లీమీటర్లవి చాలా ఉన్నాయి. 70 మిల్లీమీటర్ల తూటా పేలకముందు అందులో హాయిగా దూరుతుంది, పేలాక మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

చెక్క తీసి, రింగు ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో కదపకుండా ఫోటో తీసి పంపు. సీరియల్ నంబరు కూడా రాయి, ఏ కాలం చెక్క వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

నీ
రఘు