ఫైలు తీసేస్తే సరిపోదు, క్రాన్ జాబ్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో చిన్న కాలేజీలకు, షాపులకు వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. అడ్మిషన్ల టైమ్‌లో ఒక కాలేజీ సైటుకు జరిగింది అందరికీ తెలియాలని రాస్తున్నాను.

పరకాల, నర్సంపేట వైపు నుంచి ఫీజు వివరాల కోసం ఫోన్‌లో గూగుల్ చేసిన తల్లిదండ్రులకు కాలేజీ పేజీ బదులు బెట్టింగ్ సైటు తెరుచుకుంది. ఆఫీసు కంప్యూటర్‌లో అడ్రసు కొడితే మాత్రం అంతా మామూలే. గూగుల్ నుంచి, అదీ ఫోన్‌లో వచ్చినవాళ్లనే మళ్లించేలా కోడ్ పెట్టారు. అందుకే ఫిర్యాదు చేసినవాళ్లకు "మీ ఫోన్‌లోనే వైరస్ ఉందండీ" అన్న జవాబు దొరికింది. పిల్లల చదువు కోసం వెతికేవాళ్లకు జూదం చూపించడం నాకు చాలా బాధ కలిగించింది.

సైటు ఉండే సర్వర్‌ను అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీ సపోర్టుకు చెబితే పాడైన ఫైలు తీసేసి, "క్లీన్ అయింది సార్" అని టికెట్ మూసేశారు. చాయ్ తాగి వచ్చేసరికి అదే ఫైలు మళ్లీ ప్రత్యక్షం. అప్పుడు ప్యానెల్‌లో క్రాన్ జాబ్స్ పేజీ తెరిచాను. సర్వర్ తనంతట తాను ఏ టైమ్‌కు ఏ పని చేయాలో రాసి ఉండేది అక్కడే. మేము పెట్టిన వర్డ్‌ప్రెస్ (సైటును నడిపే సాఫ్ట్‌వేర్) లైను కింద మరో లైను కనిపించింది. మొదట స్టార్, స్లాష్, 5. అంటే ఐదు నిమిషాలకోసారి. ఆ తర్వాత అర్థంపర్థం లేని అక్షరాలు చాంతాడంత. అది బేస్64, అంటే మామూలు ఆదేశాలను అక్షరాల ముద్దగా మార్చి రాసే పద్ధతి. దాన్ని విప్పి నేరుగా బాష్‌కు, అంటే సర్వర్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్‌కు అందిస్తున్నారు. నడపకుండా, చదవడానికి మాత్రమే విప్పి చూస్తే, బయటి సర్వర్ నుంచి పీహెచ్‌పీ ఫైలు (సర్వర్‌లో నడిచే కోడ్) తెచ్చి కాలేజీ ఫోల్డర్‌లో పెట్టమని ఉంది. చివర డెవ్ నల్, అంటే వచ్చిన అవుట్‌పుట్‌ను పారేసే చోటు. మామూలుగా క్రాన్ పనిలో ఏదైనా అవుట్‌పుట్ వస్తే యజమానికి మెయిల్ వెళుతుంది. అది వెళ్లకుండా చేసే ముక్క ఇది. మంచి పనులకూ దీన్ని వాడతారు కాబట్టి ఇదొక్కటే చూసి దొంగ అనలేం. బేస్64, బయటి అడ్రసు, తాత్కాలిక ఫైళ్లుండే టీఎంపీ ఫోల్డర్, చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లు కలిసి కనబడితే మాత్రం వదలకూడదు.

ఇలాంటి లైను కనబడగానే డిలీట్ కొట్టేయాలనిపిస్తుంది. ముందు దాన్ని కాపీ తీసి, ఫైలు తేదీలు రాసుకోవాలి. తర్వాత నడుస్తున్న ప్రాసెస్‌ను ఆపాలి. లేకపోతే మెమరీలో ఉన్న ప్రోగ్రామే ఆ లైనును మళ్లీ రాస్తుంది. ఆ తర్వాతే క్రాన్ లైను తీసేయాలి, పాస్‌వర్డులు, ఎస్ఎస్‌హెచ్ కీలు (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడేవి) మార్చాలి, పాత ప్లగిన్లు (సైటుకు తగిలించే అదనపు ప్రోగ్రాములు) సరిచేయాలి.

అసలు ఎవరు, ఎలా వచ్చారన్నది లాగ్‌లోనే, అంటే సర్వర్ రాసుకునే రికార్డులోనే తెలుస్తుంది. సర్వర్ టైమ్ చాలాసార్లు యూటీసీలో, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. అక్కడ రాత్రి 8.40 అంటే మనకు తెల్లవారుజామున 2.10. ఆ లెక్క కట్టి, పాడైన ఫైలు చేరిన టైమ్‌లో జరిగిన లాగిన్లు చూపించమని హోస్టింగ్ కంపెనీని అడిగితే "పాత లాగ్‌లు ఉంచం" అన్నారు. ఇది ఎలా చెల్లుతుంది? 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలి. హోస్టింగ్ ఇచ్చేవాళ్లకే కాదు, ప్రభుత్వ కార్యాలయాలకూ ఇది వర్తిస్తుంది.

కాలేజీలు, ఆసుపత్రులు, మున్సిపాలిటీలు ఈసారి హోస్టింగ్ రెన్యువల్‌కు డబ్బు కట్టే ముందు రెండు మాటలు ఒప్పందంలో రాయించుకోవాలి: అడిగితే 180 రోజుల లాగ్‌లు ఇవ్వాలి, కొత్త క్రాన్ జాబ్ చేరిన వెంటనే మెయిల్ పంపాలి. ఒప్పుకోని కంపెనీకి రెన్యువల్ చేయవద్దు.

– ఒక వెబ్‌సైట్ నిర్వాహకుడు, నయీంనగర్, హనుమకొండ