జిలేబి పరుగెత్తడానికి కాస్త చోటు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

వీధికుక్కల మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆర్డర్లు ఇచ్చినప్పటి నుంచి పేపర్లలో దాని గురించి ఏదో ఒకటి వస్తూనే ఉంది, నేనూ చదువుతూనే ఉన్నా. 2023లో అంబర్‌పేటలో వీధికుక్కలు మీదపడి నాలుగేళ్ళ బాబు చనిపోయిన వార్త గుర్తున్నవాళ్ళకి కుక్క కనపడితేనే ఒళ్ళు జలదరిస్తుంది, వాళ్ళని ఏమీ అనలేం. కానీ ఇళ్ళల్లో పెంచుకునే కుక్కలు పొద్దంతా బాల్కనీలో పడుండి సాయంత్రం పది నిమిషాలు బండ్ల మధ్య రోడ్డు మీద తిరిగొస్తే వాటికి సరిపోతుందా అని మాత్రం ఎవరూ అడగట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మాది మియాపూర్ సైడు. రిటైరయ్యాక హాయిగా ఉందాం అనుకుంటే మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని తన కుక్కని మా దగ్గర దింపి "రెండు నెలలే నాన్నా" అని వెళ్ళింది, ఏడాదిన్నర అయింది. పేరు జిలేబి, తోక అలా చుట్ట చుట్టుకుని ఉంటుంది మరి. వీధిలో పుట్టిన మామూలు నాటు కుక్క. ఇంట్లో ఉన్న చెప్పులన్నీ కొరికేసింది, సోఫా ఒక మూల దూది మొత్తం బయటికి లాగేసింది, మా ఆవిడ "దీనికి పిచ్చేమోనండీ" అంటే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ఒకటే మాట అన్నాడు, దీనికి జబ్బేం లేదు సార్, పరుగు లేదు.

అలా కొండాపూర్ డాగ్ పార్కుకి పోవడం మొదలైంది. ఆటోవాళ్ళు కుక్కని చూడగానే స్పీడు పెంచేస్తారు కాబట్టి నా యాక్టివా ఫుట్‌బోర్డు మీద నిలబెట్టుకుని తీసుకెళ్తా, సిగ్నల్ దగ్గర అందరూ మమ్మల్నే చూస్తారు. ఒకప్పుడు చెత్త పోసే యార్డట అది, 1.3 ఎకరాలు, జీహెచ్ఎంసీ వాళ్ళు కోటి రూపాయల పైన పెట్టి 2018లో కుక్కల కోసమే పార్కు చేశారు, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ కూడా తెచ్చారు. చెత్తకుప్పని అలా మార్చినందుకు మెచ్చుకోవాల్సిందే.

మొదటిరోజు నేను బెల్టు విప్పలేదు. పారిపోతే అమ్మాయికి ఏం చెప్పాలి అని భయం. నాలుగైదు కుక్కలు వచ్చి చుట్టూ మూగి వాసన చూస్తుంటే జిలేబి వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, గుర్రుమంటోంది, నేను బెల్టు ఇంకా గట్టిగా లాగి పట్టుకున్నా. కాలేజీ కుర్రాడొకడు వచ్చి "అంకుల్, విప్పేయండి, మిగతావన్నీ వదిలేసి ఉంటే ఇదొక్కటే కట్టేసి ఉంది, తప్పించుకునే దారి లేదని భయపడుతోంది" అన్నాడు. దేవుడి మీద భారం వేసి విప్పా. ఒక్క క్షణం అలాగే నిలబడింది, ఇంకా కట్టేసే ఉందనుకుందేమో. ఆ తర్వాత చెవులు వెనక్కి పెట్టి, నడుము నేలకి ఆనేంత కిందకి వంచి, గుండ్రంగా తిరుగుతూ ఒకటే పరుగు, మలుపు దగ్గర జారి పడటం, లేచి మళ్ళీ పరుగు, నాలిక పక్కకి వేలాడేసుకుని నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఒకసారి చూసి మళ్ళీ పోవడం. ఆ రాత్రి ఇంట్లో ఒక్క చెప్పు జోలికి పోలేదు.

అన్నీ బాగానే జరిగాయని చెప్పను. మూడోసారి వెళ్ళినప్పుడు జేబులో బిస్కెట్ ప్యాకెట్ పెట్టుకెళ్ళా, పెద్ద తెలివైన పని చేశాననుకుని పిలిచి ఒకటి పెట్టబోయా, అంతే, ఒక లాబ్రడార్ నా చొక్కా మీదకి ఎక్కేసింది, జిలేబి దాని మీద పడింది, విడదీయబోతే నా చెయ్యి గీరుకుపోయింది. ఎవరి పన్నో ఇప్పటికీ తెలీదు. పావుగంట సబ్బుతో కడిగి డాక్టర్ దగ్గరికి పోతే రెండు కుక్కలకీ టీకాలు వేసి ఉన్నా సరే నాకు రేబిస్ సూదులు మొదలుపెట్టాడు, ఇరవై ఎనిమిది రోజుల కోర్సు. తప్పు నాదే, కుక్కలు వదిలేసి ఉన్నచోట తిండి బయటికి తీయకూడదని ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. అదొకటీ, పిలిస్తే రాని కుక్కని విప్పకూడదు అన్నదొకటీ గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. కుక్కని వదిలేసి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్ళు ఏ పార్కుకి పోయినా ఉంటారు, వాళ్ళకి మాత్రం ఏ బోర్డూ కనపడదు.

ఇంకో మాట, అక్కడ ప్రతివాళ్ళూ "ఏ బ్రీడ్ అంకుల్" అని అడుగుతారు, "మన బ్రీడే" అంటా. హైదరాబాద్ ఎండలో సైబీరియా నుంచి వచ్చిన హస్కీ పది నిమిషాలకే రొప్పుతూ నీడలో పడుకుంటే మా జిలేబి అలా పరుగెడుతూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. నాకు కొండాపూర్ దగ్గరే, ఎల్బీనగర్‌లోనో ఉప్పల్‌లోనో ఉన్నవాళ్ళు కుక్కని పట్టుకుని ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి రోజూ వస్తారా? ప్రతిచోటా కొండాపూర్‌లో లాగా ఈత కొలనూ ఆంఫీథియేటరూ పెట్టమని అడగట్లేదు, కుక్కలకి ఆంఫీథియేటర్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కుక్క దూకలేనంత ఎత్తు కంచె, ఒకటి మూశాకే రెండోది తెరిచేలా రెండు గేట్లు, చిన్న కుక్కలకి అడ్డుగా ఒక జాలీ, ఒక కుళాయి, ఒక చెత్తడబ్బా, నీడకి రెండు వేపచెట్లు, టీకా కార్డు చూసి లోపలికి పంపే ఒక మనిషి. మిగతాది మేం చూసుకుంటాం. దాని పెంట ఎత్తడానికి రోజూ పాత పేపర్ ముక్క జేబులో పెట్టుకునే తిరుగుతున్నా, మీ పేపరే, ఏమీ అనుకోకండి.

మా కాలనీలో వాటర్ ట్యాంకు వెనకాల పావు ఎకరం స్థలం వయ్యారిభామ మొక్కలతో, ఎవరో పడేసిన టైల్స్ ముక్కలతో ఏళ్ళ తరబడి అలాగే పడుంది. మొన్న మీటింగులో ఆ మాట ఎత్తితే ఒక పెద్దాయన "మనుషులకే పార్కుల్లేవు, కుక్కలకేంటండీ" అన్నాడు. అయినా అర్జీ రాశా. ఇప్పటికి ఇరవై ఒక్క సంతకాలు వచ్చాయి, అందులో తొమ్మిది మంది దగ్గర అసలు కుక్కే లేదు, కుక్కలు అటు పోతే పొద్దున్నే వాకింగ్ ట్రాక్ మీద అడ్డం రావని పెట్టారు. ఆ పెద్దాయన సంతకం ఇరవై ఒకటోది.

ఇట్లు,
ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్