కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

తెలుగు వికీపీడియా (తెవికీ) కోసం పనిచేసే మన సంఘం అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ముందు కృతజ్ఞతలు. అడగ్గానే హాలు తాళం చేతికిచ్చిన గ్రంథాలయం వారికి, స్కానర్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకు, ముప్ఫై మంది వస్తారనుకుని ముప్ఫై మందికీ పులిహోర చేసి పంపిన కోశాధికారి గారి ఇంట్లోవాళ్ళకు, పాత చట్టాల పుస్తకం అరువిచ్చిన వకీలు గారికి. పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, వచ్చే వారం తిరిగి ఇచ్చేస్తాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయలేదు.

ఏడాది మొదట్లో కామన్స్‌లో, అంటే వికీపీడియాలన్నీ వాడుకునే ఉమ్మడి బొమ్మల భాండాగారంలో, మనవాళ్ళ బొమ్మలు వరసపెట్టి తొలగింపుకు వెళ్ళాయి. తెవికీ చర్చల పేజీ రచ్చబండలో కోపాలు చూశారుగా. కోపం సరే, తప్పు మాత్రం మనదే. గూగుల్లో దొరికిన నటుల ఫోటోలను ‘స్వంత కృతి’ అని ఎక్కిస్తే ఎవరు ఊరుకుంటారు? కామన్స్‌లో సముచిత వినియోగానికి, అంటే హక్కుదారు అనుమతి లేకుండా కొంతమేర వాడుకోవడానికి, చోటు లేదు. ఎవరైనా, చివరికి వ్యాపారానికి కూడా వాడుకోదగ్గ బొమ్మలే అక్కడ ఉండాలి. 2007 మార్చిలో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ చేసిన తీర్మానం ప్రకారం, హక్కులున్న బొమ్మల్ని పరిమితంగా వాడుకోవడానికి ఏ వికీకి ఆ వికీ మినహాయింపు విధానం పెట్టుకోవచ్చు. అందుకే సినిమా పోస్టరు, పుస్తకం అట్ట, లోగో తెవికీలోనే ఎక్కిస్తాం. అదీ చిన్న సైజులో, సంబంధించిన వ్యాసానికే, కారణం రాసి. బతికున్న మనిషి ఫోటోకు ఈ దారి లేదు. ఎవరో ఒకరు వెళ్ళి తీయొచ్చు కదా! ‘చదువు కోసమే కదండీ’ అనే సభ్యులకు ఒక్క మాట: సముచిత వినియోగం అమెరికా చట్టంలోది. మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఏ పనులకు మినహాయింపు ఉందో జాబితా కట్టి చెబుతుంది.

ఆ సెక్షన్ మీదే జులైలో శిక్షణ పెట్టాం. జనం తిరిగే చోట శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీస్తే ఉల్లంఘన కాదు కాబట్టి ట్యాంక్‌బండ్ విగ్రహాలతో పేచీ లేదు. గోడ మీద బొమ్మలకు ఆ వెసులుబాటు లేదు. “మరి ఖైరతాబాద్ గణపతి? నిమజ్జనమయ్యేది శాశ్వతం ఎలా అవుతుంది?” అని ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది. గంటసేపు వాదించుకున్నాం. టీ అయిపోయింది కానీ సంగతి తేలలేదు.

ఇక పాత ఫోటోల స్కానింగు. ఒక పెద్దాయన కండువాలో చుట్టి తన పెళ్ళి ఫోటో తెచ్చారు. 1962 నాటిది. పల్లకీలో పెళ్ళికూతురు, బుజాన కొమ్ము ఎత్తుకున్న బోయీలు, వాళ్ళలో ఒకతని నోట్లో చుట్ట. పల్లకీ వ్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? తీరా చూస్తే అట్ట మీద స్టూడియో ముద్ర ఉంది. ఆ స్టూడియో వారి మనవడికి ఫోన్ చేస్తే ‘హక్కు మాదే’ అన్నాడు. నీరుగారిపోయాం. అప్పుడు అక్కరకొచ్చింది వకీలు గారి పుస్తకం: 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. డబ్బిచ్చినట్టు రుజువేదీ అంటే, పెద్దాయన మర్నాడు వాళ్ళ నాన్నగారి పద్దుల పుస్తకం పట్టుకొచ్చారు. బోయీల కూలి, దాని కింది వరసలో ఫోటో ఖర్చు! నాన్నగారి వారసులుగా ఆయనా, చెల్లెలు గారూ సీసీ బై-ఎస్‌ఏ 4.0 (పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) కింద ఇస్తున్నట్టు సంతకాలు చేశారు. ఆ కాగితం వికీమీడియా అనుమతుల బృందానికి మెయిల్ చేశాం, ఆమోదం వచ్చింది. ఇప్పుడు పల్లకీ పేజీ తెరిస్తే ముందు ఆ చుట్టే కనబడుతుంది. ఈ నివేదికలో మరేదీ లేకపోయినా ఇదొక్కటి చాలని నా ఉద్దేశం.

స్కానింగు రోజుకు ‘తప్పక వస్తాం’ అని గ్రూపులో బొటనవేళ్ళు ఎత్తినవారు చాలామంది. తీరా వచ్చి నిలబడింది నలుగురం. మిగిలిన పులిహోర మేం మోసుకెళ్ళాం. సంతకాల సేకరణకు నాతో తిరుగుతానన్న ఉప కార్యదర్శి గారు ఆ నెలంతా ఫోన్ ఎత్తలేదు. కారణం ఆయనే సభలో చెబుతారని ఆశిస్తున్నాను.

జిల్లాలోని ఒక కార్యాలయానికి వాళ్ళ పాత ఫోటోల కోసం ఐదుసార్లు తిరిగాను. “ప్రభుత్వానివే కదా, వాడుకోండి” అంటారు. ప్రభుత్వ కృతికీ ప్రచురించాక 60 ఏళ్ళ హక్కుంటుంది సార్, కాగితం మీద రాసివ్వండి అంటే మాత్రం పెద్దసారు సెలవు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. ఆడిటరు గారు చూశారు. స్కానర్ మరమ్మతు ఈ ఏడాది లెక్కలోకి రాలేదు. చందా బాకీ ఉన్నవారు సభకు ముందే కట్టేయాలి.

సెప్టెంబరులో కట్టడాల ఫోటోల పోటీ ఉంది, కెమెరా ఉన్నవారు పేర్లివ్వండి. పెద్దాయన ఇంట్లో అటక మీద ఇంకో ట్రంకుపెట్టె ఉందట. ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరుతున్నాం, కారులో ఇద్దరికి చోటుంది.

— కార్యదర్శి