ముందు ఎత్తులు నేర్చుకో, అమ్మలూ

అడిస్ అబాబా

అమ్మలూ,

వేసవి సెలవులకి నువ్వూ తమ్ముడూ అమ్మతో ఇక్కడికి వచ్చేలోపు ఇథియోపియా గురించి ఏం చదవాలని అడిగావు. రాజధాని, జెండా రంగులు, జనాభా ఎక్కడైనా దొరుకుతాయి. అవి క్విజ్‌కి సరిపోతాయి గానీ వాటితో ఈ దేశం అర్థం కాదు. ఇక్కడ ఏం పండుతుంది, ఏం తింటారు, శత్రువులు ఎందుకు ఓడిపోయారు, నైలు నదికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఇలా ఏది అడిగినా జవాబు ఎత్తుపల్లాల దగ్గరే మొదలవుతుంది. అందుకని ముందు అట్టతో ఒక పటం చెయ్యండి. కట్టర్ మాత్రం అమ్మే పట్టుకోవాలి.

అట్లాసులో ఎత్తుల్ని రంగుల్లో చూపించే పటం తీసుకో, రాజకీయ పటం వద్దు. 1 సెంటీమీటరుకి 40 కిలోమీటర్ల చొప్పున గీస్తే దేశం సుమారు 41 సెం.మీ. వెడల్పు, 32 సెం.మీ. ఎత్తు వస్తుంది. అడుగున 50×40 సెం.మీ. అట్ట ఒకటి పెట్టుకో. పై పొరలకి పార్సిల్ డబ్బాల అట్ట చాలు, అది దాదాపు 3 మి.మీ. మందం ఉంటుంది. 3 మి.మీ. అంటే 500 మీటర్లు అనుకో. 500 మీటర్ల గీతకి ఒక పొర, 1000కి ఒక పొర వస్తాయి. అట్లాసులో ఆ తర్వాత 2000, 3000 గీతలే ఉంటాయి కాబట్టి వాటికి అట్ట రెండేసి పొరలు వెయ్యాలి. ఎత్తుకి వేరే కొలత ఎందుకంటావేమో. 40 కిలోమీటర్లకి సెంటీమీటరు లెక్కన ఎత్తు కూడా చూపిస్తే, 4,500 మీటర్లు దాటిన రాస్ దాషెన్ శిఖరం కేవలం ఒక మిల్లీమీటరు వస్తుంది. వేలితో తడిమినా తెలియదు.

పిల్లలు చేసే ఇలాంటి పటాలు రెండు చోట్ల పాడవుతాయి. పై పొర ఎక్కడ అంటించాలో తెలియక శిఖరాలు పక్క జిల్లాకి జరిగిపోతాయి. అందుకని ప్రతి పొర మీదా దాని పైన రాబోయే పొర గీతని ముందే పెన్సిల్‌తో గీసి పెట్టుకో. రెండోది, ఫెవికాల్ ఎక్కువైతే అట్ట నీరు పీల్చి వంకర తిరుగుతుంది. పలచగా రాసి, లావు పుస్తకాలు బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యి. చివరగా ఈశాన్య మూల, ఎరిట్రియా సరిహద్దు దగ్గర, అడుగు అట్టకే చిన్న రంధ్రం చేసి కింద నుంచి చార్టు కాగితం అంటించు. అది దల్లోల్, సముద్రమట్టానికి 100 మీటర్లకి పైగా కింద ఉంది. అక్కడి ఉప్పు నేలలో అఫార్ జాతివాళ్లు ఉప్పుని పలకలుగా కోసి ఒంటెల మీద కొండలెక్కిస్తారు. ఆ ఉప్పు పలకలే ఒకప్పుడు ఈ దేశమంతా డబ్బుగా చెల్లేవి.

పూర్తయ్యాక చూడు. వాయవ్యంలో ఒక పెద్ద మిట్ట, ఆగ్నేయంలో ఇంకొకటి, మధ్యలో ఈశాన్యం నుంచి నైరుతికి ఒక పొడవాటి కోత కనిపిస్తాయి. ఆ కోతే రిఫ్ట్ లోయ. భూమి పలకలు దూరంగా జరగడం వల్ల నేల కుంగి ఏర్పడింది, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. జ్వాయ్, లంగానో, అబయా, చామో సరస్సులు వరసగా అందులోనే ఉన్నాయి. అవాష్ నదికి నీలం ఊలుదారం అంటించేటప్పుడు దాన్ని సముద్రం దాకా లాగకు. అది జిబూటీ సరిహద్దులో అబ్బే సరస్సు దగ్గరే ఆగిపోతుంది. 32 లక్షల ఏళ్ల నాటి మనిషి పూర్వీకురాలు లూసీ ఎముకలు 1974లో దొరికిన హదార్ ఆ నదీ పరీవాహకంలోనే ఉంది. ఇక్కడివాళ్లు ఆమెని దింకినేష్ అంటారు.

విస్తీర్ణంలో ఇథియోపియా మన ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే దానికి నాలుగింతలు. ఎరిట్రియా 1993లో విడిపోయాక సముద్రతీరం లేకుండా పోయింది. సరుకులో చాలా భాగం జిబూటీ రేవు నుంచి పైకెక్కాలి.

ఇక్కడి రైతులు ఎత్తుని బట్టే నేలకి పేర్లు పెట్టుకున్నారు. వేడిగా ఉండే పల్లపు నేల కొల్లా, సుమారు 1,500 నుంచి 2,400 మీటర్ల మధ్యది వొయినా దెగా, ఆ పైన చలి నేల దెగా. కొల్లాలో జొన్న, మధ్యలో టెఫ్ అనే ధాన్యం, మొక్కజొన్న, కాఫీ, పైన బార్లీ, గోధుమ పండుతాయి. అడిస్ అబాబా 2,300 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి చాలా సేపు పడుతుంది. అమ్మని కుక్కర్ తెచ్చుకోమను. మీరు వచ్చిన మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, పరిగెత్తొద్దు. మే నెల అయినా రాత్రిళ్లు చలిగానే ఉంటుంది, స్వెట్టర్లు పెట్టుకోండి.

అరకు వెళ్లినప్పుడు కొండవాలంతా పసుపుపచ్చగా విరగబూసిన వలిసె పూలు చూశావు కదా. ఆ మొక్క పుట్టిల్లు ఈ మిట్టలే. ఇక్కడ దాన్ని నూగ్ అంటారు, గింజల నుంచి వంటనూనె తీస్తారు. అరకు తోటల్లో పెంచే అరబికా కాఫీ కూడా నైరుతి ఇథియోపియా అడవుల మొక్కే. నాయనమ్మ సంకటి చేసే రాగులు కూడా ఆఫ్రికా తూర్పు మిట్టల్లో సాగులోకి వచ్చి, వేల ఏళ్ల కిందట మన దేశం చేరాయి. ఇక్కడి సంతలో దగుసా అని అడిగితే అవే ఇస్తారు.

కానీ ఇక్కడ రాజధాన్యం టెఫ్. గింజ ఒక మిల్లీమీటరు కన్నా పెద్దగా ఉండదు. దాంతో చేసే ఇంజెరా పులిసిన పెద్ద దోసెలా ఉంటుంది, కానీ తిరగెయ్యరు, నూనె రాయరు. కిలో పిండికి లీటరున్నర నీళ్లు, పోయినసారి పిండి మీద తేలిన పసుపు నీళ్లు ఒక కప్పు కలిపి రెండు మూడు రోజులు మూతపెడతారు. ఆ నీళ్లని ఎర్షో అంటారు, పులిసే గుణం అందులోనే ఉంటుంది. పులిశాక పైన తేరిన నీళ్లు వంపేసి, పిండిలో పదో వంతు తీసి మరిగే నీళ్లలో చిక్కబడేదాకా ఉడికించి తిరిగి అందులో కలుపుతారు. దీని పేరు అబ్సిత్. ఇంజెరా అంతా ఈ పనిమీదే ఆధారపడి ఉంటుంది. టెఫ్‌లో గోధుమకున్న జిగురు లేదు కాబట్టి, ఉడికిన గంజే గాలి బుడగల్ని పట్టి ఉంచుతుంది. అది మానేస్తే ఇంజెరా మీద కళ్లు రావు, అట్ట ముక్కలా విరుగుతుంది. గంట సేపు ఆగి పిండి పొంగాక, సుమారు రెండడుగుల మట్టి పెనం మితాద్ మీద అంచు నుంచి మధ్యకి చుట్టలా పోసి, కళ్లు విచ్చుకోగానే మూతపెట్టి రెండు మూడు నిమిషాల్లో తీస్తారు. వేడివి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అతుక్కుపోతాయి.

మీరు మాంసం తినరు కాబట్టి హోటల్లో బెయాయినెటు అడగాలి. ఒక పెద్ద ఇంజెరా మీద ఎర్ర పప్పు, పసుపు పప్పు, ఆకుకూర, శనగపిండితో చేసే షిరో, క్యాబేజీ వడ్డిస్తారు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టరుకి ముందు 55 రోజులు, ఈస్టరు తర్వాతి యాభై రోజులు తప్ప మిగతా బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో అడిగితే నిశ్చింత. మిగతా రోజుల్లో షిరోలో మసాలా వెన్న వేసే అవకాశం ఉంది, తినే ముందు అడగండి. కుడిచేత్తోనే తుంచి తినాలి. పెద్దవాళ్లెవరైనా ముద్ద చేసి నీ నోటికి అందిస్తే దాన్ని గుర్షా అంటారు. వద్దనకు.

కాఫీ తొందరపడి తాగి లేచిపోయేది కాదు. పచ్చి గింజలు కడిగి, మన ఎదురుగానే బొగ్గుల మీద వేయించి, ఆ పొగ అందరికీ చూపించి, రోట్లో దంచి జెబెనా అనే మట్టి కూజాలో కాస్తారు. పొడి అడుక్కి దిగాక, కూజాని కుదపకుండా చిన్న కప్పుల్లోకి వంపుతారు. అదే పొడికి మళ్లీ నీళ్లు పోసి మూడుసార్లు ఇస్తారు. అబోల్, తోనా, బెరెకా అని వాటి పేర్లు, ఒకదాని కన్నా ఒకటి పలచన. మూడోది రాకముందే లేస్తే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు.

మళ్లీ పటం దగ్గరకి రా. వాయవ్య మిట్ట మీద తానా సరస్సు ఉంది. నీలి నైలు, ఇక్కడి మాటలో అబాయ్, అక్కణ్ణుంచే బయల్దేరుతుంది. ముందు ఆగ్నేయానికి వెళ్లి, పెద్ద మలుపు తిరిగి పడమరకి సూడాన్‌లోకి దిగుతుంది. ఆ మలుపు దగ్గర దారం తిన్నగా లాగేస్తే తప్పు. మనకి నైరుతి రుతుపవనాలు వచ్చే నెలల్లోనే, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఇక్కడ పెద్ద వానలు కురుస్తాయి. ఈజిప్టు చేరే నైలు నీళ్లలో నూటికి ఎనభై వంతులకి పైగా ఈ మిట్టలవే. అబాయ్ మీద 2011లో మొదలుపెట్టిన మహా పునరుజ్జీవన ఆనకట్టని 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. సామర్థ్యం 5,150 మెగావాట్లు. కరెంటు లేని ఇళ్లు ఎన్నో ఉన్న దేశానికి అది అవసరం, దాదాపు పూర్తిగా ఆ నది మీదే బతికే ఈజిప్టుకి అది భయం. రెండు వైపులా న్యాయం ఉందని గుర్తుపెట్టుకుని ఆ వార్తలు చదువు.

చరిత్రలో మూడు చోట్లు చాలు ఇప్పటికి. ఉత్తరాన అక్సుం ఎర్రసముద్రం మీదుగా రోమ్‌తోనూ మన దేశంతోనూ వ్యాపారం చేసిన రాజ్యం. కుషాణుల బంగారు నాణేలు దెబ్రె దామో మఠం దగ్గర దొరికాయి. అక్సుం రాజు ఎజానా 4వ శతాబ్దంలో క్రైస్తవం స్వీకరించాడు. అక్కడి 24 మీటర్ల రాతిస్తంభాన్ని ముస్సోలినీ ప్రభుత్వం 1937లో రోమ్‌కి ఎత్తుకుపోయింది. 2005లో ముక్కలుగా వెనక్కి వచ్చింది, 2008లో మళ్లీ నిలబెట్టారు.

లాలిబెలలో 11 చర్చిలు రాతిలో తొలిచారు. ముందు నేల మీద చతురస్రంగా కందకం తవ్వుకుంటూ దిగి, మధ్యలో ఒక రాతి దిమ్మె వదిలిపెడతారు. దాన్ని పైకప్పు నుంచి కిందికి చెక్కుతూ, కిటికీ తలుపుల గుండా లోపల తొలుస్తూ పోతారు. ఎల్లోరా కైలాసాలయమూ ఇలా పైనుంచి కిందికి చెక్కిందే. ఒక స్తంభం పగిలితే తెచ్చి పెట్టడానికి వేరే రాయి ఉండదు, అందుకే ఎక్కడ ఏది వదలాలో ముందే లెక్కకట్టుకోవాలి. కందకంలో వాన నీరు నిలవకుండా కాలువలు కూడా తవ్వారు. శిలువ ఆకారంలో ఉన్న బెతె గియోర్గిస్ చర్చి దగ్గర పైన నిలబడి చూస్తే దాని కప్పు మన కాళ్ల మట్టానికి ఉంటుంది.

మూడోది అద్వా. 1896 ఫిబ్రవరి 29 రాత్రి సుమారు 17,000 మంది ఇటలీ సేన కొండల మధ్య మూడు దళాలుగా కదిలింది. వాళ్ల పటాలు సరిగా లేవు. ఒక దళం ఒక కొండని ఇంకో కొండ అనుకుని మిగతావాటికి కొన్ని కిలోమీటర్లు ముందుకి వెళ్లిపోయింది. తెల్లారేసరికి మెనెలిక్ చక్రవర్తి సేనలు ఒక్కో దళాన్ని విడిగా చుట్టుముట్టాయి. ఆయన భార్య తైతు కూడా తన సైన్యంతో అక్కడే ఉంది. ఆ అక్టోబరులోనే ఇటలీ ఇథియోపియా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. 1935లో విమానాలతో, విషవాయువుతో మళ్లీ వచ్చింది, 1936లో రాజధానిని పట్టుకుని 1941 దాకా ఉంది. "ఎప్పుడూ పరాయి పాలన చూడలేదు" అని నీ ప్రాజెక్టులో రాయకు, ఆ ఐదేళ్లూ ప్రాణాలిచ్చినవాళ్లు ఉన్నారు.

1984–85 కరువు బొమ్మలు చూసి చాలామంది ఈ దేశమంటే అదే అనుకుంటారు. వానలు లేకపోవడంతో పాటు అంతర్యుద్ధం, అప్పటి సైనిక ప్రభుత్వ విధానాలు కలిసి అన్ని ప్రాణాలు తీశాయి. అది దాచాల్సిందీ కాదు, అదొక్కటే చెప్పాల్సిందీ కాదు.

ఇక్కడ 80కి పైగా భాషలున్నాయి. ఒరోమోలు అందరికన్నా ఎక్కువ, తర్వాత అమ్హారాలు. ఒరోమో భాష ఇంగ్లీషు లిపిలో రాస్తారు. అమ్హారిక్‌కి సొంత లిపి ఫిదెల్ ఉంది. 33 మూలాక్షరాలు, ఒక్కోదానికి 7 రూపాలు. లె, లు, లీ, లా, లే, ల్, లో అని వరసగా చదువుతారు. గుణింతం వచ్చిన పిల్లవి, నీకు నెలరోజులు చాలు. తూర్పున హరార్‌లో 16వ శతాబ్దపు గోడ లోపల 82 మసీదులున్నాయి. అక్కడ రాత్రిపూట దుమ్ములగొండులకి చేత్తో మాంసం పెడతారు, దూరం నుంచి చూద్దాం. మలిక్ అంబర్ పుట్టింది కూడా ఈ దేశంలోనే. బానిసగా అమ్ముడుపోయి దక్కను చేరి, 1626లో చనిపోయేదాకా అహ్మద్‌నగర్ తరఫున మొగలుల్ని నిలువరించాడు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట కూడా నిజాం దగ్గరి ఆఫ్రికా అశ్వదళం పేరు మీద వచ్చిందే.

గడియారం సంగతి అమ్మకీ చెప్పు. ఇక్కడి రోజు పొద్దున 6కి మొదలవుతుంది. 7 అంటే ఒంటిగంట. మన పంచాంగం కూడా సూర్యోదయం నుంచే కదా లెక్కపెట్టేది. బస్సు "మూడింటికి" అంటే పొద్దున 9కి. ఎవరైనా టైం చెబితే ఇక్కడి లెక్కా, ఫోను లెక్కా అని అడగండి. విమానం టికెట్ మీద మాత్రం ఫోను లెక్కే. సంవత్సరంలో 30 రోజుల నెలలు 12, చివర్న 5 రోజుల పగుమె ఒకటి, లీపు సంవత్సరంలో 6. సెప్టెంబరు 11న, లేదా 12న, కొత్త సంవత్సరం. ఆ రోజు నుంచి డిసెంబరు దాకా మన సంవత్సరంలోంచి 7 తీసెయ్యి, జనవరి నుంచి 8. మన 2026 ఆగస్టు 15 ఇక్కడ 2018 నెహాసె 9. ఆగస్టు 7న నెహాసె మొదలవుతుంది కాబట్టి వేళ్ల మీద సరిచూసుకో. నీ పుట్టినరోజు, తమ్ముడి పుట్టినరోజు లెక్కకట్టి, పటం ఫొటోతో పాటు పంపించు.

ప్రేమతో
నాన్న